ఊరుకోని చేతులు

లైబ్రరీ మెట్ల కింద, చీపుళ్ళు పెట్టే గదికీ నీళ్ళ పంపుకీ మధ్య బైండింగ్ గది ఉంది. అందులో పంతొమ్మిదేళ్ళుగా ఒక్కతే పనిచేస్తున్న మనిషిని అందరూ బైండరమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది కానీ, దానితో ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు. వీపు విరిగినవి, అట్టలు ఊడినవి, వానకి తడిసి ఉబ్బినవి, ఎలాంటి పుస్తకాలైనా ఆ గదిలోకి వెళ్ళి కొన్నాళ్ళకి బుద్ధిగా, నిటారుగా బయటికొచ్చేవి. చదివేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. బాగా చేసిన బైండింగు కంటికి కనపడదు. కనపడిందంటే చేసినవాళ్ళకి పని రాదని లెక్క.

రెండేళ్ళ కిందట ఆవిడ వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. ముందు చిన్న చిన్న నీటి పొక్కులు వచ్చాయి. అవి చితికి, చర్మం పొట్టు లేచి, ఎండి, కణుపుల దగ్గర పగుళ్ళు విచ్చాయి. గోకుతున్నంతసేపూ హాయి, ఆపగానే మంట. కొరివితో తల గోక్కోవడం అనే మాట పుట్టించిన మహానుభావుడికి కూడా ఈ జబ్బే ఉండి ఉండాలి. ఇరుగుపొరుగు వాళ్ళు ఒకరు గజ్జి అన్నారు, ఒకరు తామర అన్నారు. ఆవిడ చేతి నుంచి గ్లాసు అందుకునే ముందు ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టారు. ఆ ఒక్క క్షణం ఆవిడని దురద కంటే ఎక్కువ బాధపెట్టింది.

అయినా ఎలాగో నెట్టుకొస్తుండగా, పటాల పుస్తకం దగ్గర దొరికిపోయింది. నూట యాభై ఏళ్ళనాటి పుస్తకం అది. ఊడిపోయిన ఆకు ఒకటి అంటించి ఆఫీసరమ్మ బల్ల మీద పెట్టింది. ఆఫీసరమ్మ కళ్ళజోడు సవరించుకుని, నీలిరంగు సముద్రం మధ్యలో ఉన్న ఎర్రటి చుక్కని చూసింది.

"ఇక్కడ ఈ దీవి ఎప్పుడు వెలిసింది?" అంది.

బైండరమ్మ చూపుడువేలు వెనక్కి దాచుకుంది. పగులులోంచి ఇంకా రక్తం ఉబుకుతూనే ఉంది.

ఆఫీసరమ్మ చెడ్డది కాదు. అందుకే కేకలేయకుండా, నెమ్మదిగా, తప్పించుకోవడానికి వీల్లేని విధంగా చెప్పింది. "మూడు నెలలు చూద్దాం. గ్లవ్స్ వేసుకుని చేయండి. అప్పటికీ తగ్గకపోతే మీరు పైన కౌంటర్లోకి వచ్చేయండి. పుస్తకాలు బయట బైండింగుకి ఇచ్చేద్దాం."

కౌంటర్ అంటే కుర్చీ, ఫ్యాను, వచ్చేపోయే మనుషులు, పుస్తకం మీద తేదీ ముద్ర గుద్దడం. రొట్టె విరిగి నేతిలో పడిందన్నారు తోటివాళ్ళు. బైండరమ్మకి మాత్రం భయమేసింది. ఆ గదిలో తప్ప ఆవిడ ఎక్కడా గొప్పది కాదు. ఆ గది పోతే తనలో మిగిలేదేమిటో ఆవిడకి తెలియలేదు.

చర్మం డాక్టరు దగ్గర నలభై మంది వరసలో ఉన్నారు. ఆవిడ వంతు వచ్చేసరికి ఆయన చేతులు చూస్తూనే ప్రశ్నలు వేసేశాడు.

"ఏం చేస్తుంటారు?"

"లైబ్రరీలో ఉద్యోగమండీ."

"సబ్బునీళ్ళలో ఎక్కువ నానుతారా?"

"అందరిలాగేనండీ."

"ఈమధ్య కొత్తగా ఏమైనా వాడుతున్నారా?"

"కొత్తగా వచ్చింది ఈ దురదొక్కటేనండీ."

"సెలవు రోజుల్లో తగ్గుతుందా?"

"లేదండీ. ఆదివారం ఇంకా ఎక్కువ."

ఇది ఎగ్జిమా అనీ, అంటువ్యాధి కాదనీ ఆయన చెప్పాడు. చర్మం గోడలాంటిది, గోడకి సందులు పడితే లోపలి తేమ బయటికి పోతుంది, బయటి చెత్త లోపలికొస్తుంది అన్నాడు. "కొందరికి పుట్టుకతో గోడ పల్చన. కొందరికి ఏదో ఒకటి తగిలి పడదు. ఆ పడనిదేదో తెలిస్తే సగం పని అయినట్టే. సెలవుల్లో తగ్గుతుందని చెప్పి ఉంటే వీపు మీద పరీక్ష పెట్టేవాణ్ణి" అని పూత మందు రాసిచ్చాడు. మందు రాసినన్నాళ్ళు చేతులు చల్లబడ్డాయి, మానగానే మళ్ళీ మొదటికొచ్చాయి. మూడు వారాలు గడిచాయి.

అప్పుడు వదిన దిగింది. బైండరమ్మ భర్తకి అక్క ఆవిడ. ప్రపంచంలో ఏ జబ్బుకైనా ఆవిడకి తెలిసిన ఒకామె ఉంటుంది, ఆ ఒకామెకి ఎక్కడో నయమై ఉంటుంది. "పూత మందులు జబ్బుని లోపలికి తొక్కేస్తాయే పిల్లా! మా ఆఫీసులో ఒకామెకి మోచేతుల దాకా ఉండేది. హోమియోతో ఆనవాలు లేకుండా పోయింది. లే, చీర మార్చుకో" అని చెయ్యి పట్టుకుని లేవదీసింది. పట్టుకున్నది పగిలిన చెయ్యే. వదినలో ఒక మంచి గుణం, గ్లాసు అందుకునే ముందు ఆగని మనిషి ఆవిడొక్కతే.

హోమియో డాక్టరు గది సైకిళ్ళ షాపు మీద ఉంది. గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా వేలెడేసి సీసాలు. బల్ల మీద ఓ పెద్ద కేసుల పుస్తకం. దాని వీపు పూర్తిగా ఊడి, దారాలు వేలాడుతున్నాయి. బైండరమ్మ ముందు ఆ పుస్తకాన్ని చూసి, తర్వాత డాక్టరుని చూసింది.

డాక్టరు గంటసేపు కూర్చోబెట్టి అడిగాడు. ఎండ పడదా, చలి పడదా? ఏ పక్కకి తిరిగి పడుకుంటారు? ఉప్పు ఇష్టమా, తీపి ఇష్టమా? కలలో ఏమొస్తాయి? ఆవిడ బెరుగ్గా మొదలుపెట్టి, కాసేపటికి వరదలా చెప్పుకుపోయింది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడని ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు లేరు.

"ఏడుపొచ్చినప్పుడు ఎవరైనా ఓదారిస్తే తగ్గుతుందా, పెరుగుతుందా?"

"ఇంతవరకు ఎవరూ ఓదార్చి చూళ్ళేదండీ."

డాక్టరు కలం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. చేసే పని గురించి అడిగితే బైండింగు అంది. పనిలో గ్లవ్స్ వేసుకుంటున్నానంది. పనిరోజుల్లో కాస్త నయమనీ, ఇంట్లో ఉంటేనే ఎక్కువనీ చెప్పింది.

"ఇంట్లో ఏం చేస్తుంటారు?"

"ఏముంటుందండీ, ఇంటి పనే. కానీ నా చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి అంటిస్తూ ఉంటాను."

అదీ రాసుకున్నాడు. రాసుకుని, పుస్తకం మూసి, చాలా సంతోషంగా ముందుకి వంగాడు. "కదులుతుంటే తక్కువ, కుదురుగా ఉంటే ఎక్కువ. మనసు కూడా అంతే, చేతులు కూడా అంతే. చాలా మంచి లక్షణం చెప్పారమ్మా. దీనికి అతికినట్టు సరిపోయే మందు ఉంది."

తెల్లటి తీపి గుళికలు ఇచ్చాడు. చేత్తో ముట్టకూడదు, మూతలోకి వంపుకుని నోట్లో వేసుకోవాలి. అరగంట ముందూ అరగంట తర్వాతా ఏమీ తినకూడదు. దురద ఎప్పుడు పెరిగిందో ఎప్పుడు తగ్గిందో రోజూ ఓ నోటుబుక్కులో రాయాలి. "ఇంకో మాట. ముందు కాస్త పెరగొచ్చు. కంగారుపడకండి. పెరిగిందంటే మందు పట్టిందన్నమాట."

తగ్గినా మందు గొప్పే, పెరిగినా మందు గొప్పే. ఇంత ధీమా ఉన్న ఏర్పాటు చూసి ఎవరైనా కాస్త అనుమానించాలి. కానీ గంటసేపు విన్న మనిషిని ఎలా అనుమానిస్తారు?

నోటుబుక్కు కొనడం బైండరమ్మ ఇంటావంటా లేదు. వంటవాడు హోటల్లో తిన్నట్టుంటుందని ఆవిడ అభిప్రాయం. ఆ ఆదివారం వంటింటి బల్ల మీద మిగులు కాగితాలు కత్తిరించి, కుట్టి, నీలం గుడ్డతో అట్ట వేసి, వీపుకి జిగురు పట్టించింది. ఆఫీసు జిగురు చిన్న డబ్బాలో ఎప్పుడూ ఇంట్లో ఉండేదే. మొదటి పేజీలో రాసింది: "ఆదివారం. సాయంత్రం నుంచి విపరీతం."

నెల తిరిగేసరికి నోటుబుక్కు నిండింది, చేతులు ఎర్రబడి అరచేతుల దాకా పాకాయి. భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి తగిలించుకునే అద్దంతోనే ఆమె వేళ్ళు పరీక్షగా చూశాడు.

"ఇది తగ్గడమా?"

"తగ్గడం కాదు, పట్టడం."

"పట్టడం ఎప్పుడు వదులుతుంది?" అన్నాడాయన. ఆవిడ చెయ్యి లాక్కుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరు కూడా కొంచెం ఆలోచనలో పడ్డాడు. పనిలో వాడేదేదైనా పడటం లేదేమో, పది రోజులు సెలవు పెట్టి చూడమన్నాడు. ఆవిడ సెలవు పెట్టింది. పనికి వెళ్ళొద్దన్నారు, వెళ్ళలేదు. ఇంట్లో ఖాళీగా కూర్చుని కొత్త నోటుబుక్కు కుట్టింది. వదినకి చిరునామాల పుస్తకం, భర్త షాపుకి రసీదుల పుస్తకం, పక్కింటి అమ్మాయికి బొమ్మల పుస్తకం, మొత్తం తొమ్మిది చేసింది. పదో రోజుకి జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి భర్తని పిలవాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే ఆవిడకి లోలోపల ఆనందంగా ఉంది. పనికి వెళ్ళకపోయినా పెరిగిందంటే పని వల్ల కాదన్నమాట. ఆ గది తప్పు కాదు. రెండేళ్ళుగా ఆవిడ గుండెల్లో ఉన్న భయం ఇదే. పనే కారణమని తేలితే మూడు నెలల గడువు కూడా అక్కర్లేదు, ఆ రోజే పైకెక్కాలి. అందుకే నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసింది: "పది రోజులు పని లేదు. అయినా ఎక్కువే. పని వల్ల కాదు." రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టు సాగింది వ్యవహారం.

మూడోసారి వెళ్ళేనాటికి ఆఫీసరమ్మ గడువుకి పద్దెనిమిది రోజులే ఉంది. బైండరమ్మ రెండు నోటుబుక్కులూ బల్ల మీద పెట్టింది. డాక్టరు ఆవిడ చేతుల్ని చూశాడు. రెండో పుస్తకం తెరిచి చదవబోయి, ఎందుకో మూసి, అట్ట మీద చెయ్యి వేసి నిమిరాడు. మూలలు కత్తిలా ఉన్నాయి.

"ఎంత బాగున్నాయమ్మా ఇవి. ఎక్కడ కొన్నారు?"

"కొనడమేంటండీ, నేనే చేశాను."

"ఆఫీసులోనా?"

"ఆఫీసులో సొంత పని చేస్తానా? ఇంట్లో. అదేమంత పని కాదు లెండి, చేతులు ఊరుకోక."

డాక్టరు పుస్తకం కింద పెట్టాడు. "దేంతో అంటిస్తారు?"

"మా జిగురుతోనే."

"గ్లవ్స్ వేసుకునేనా?"

బైండరమ్మకి నవ్వొచ్చింది. "అవి ఆఫీసరమ్మ పుస్తకాలకండీ. మన పుస్తకానికి మనం గ్లవ్స్ వేసుకుంటామా? కాగితం వేలికి తెలియకపోతే..." అంటూ ఆగింది. డాక్టరు ముఖంలో నవ్వు లేదు.

ఆయన కేసుల పుస్తకం దగ్గరికి లాక్కుని వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పాడు. ఒకచోట ఆగి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. తర్వాత ఆవిడ నోటుబుక్కు మళ్ళీ తెరిచి చూశాడు.

"సెలవులో తొమ్మిది పుస్తకాలు చేశానని ఇక్కడ రాశారు" అన్నాడు చివరికి. "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాం అమ్మా మనం. ఈసారి గుళికలు ఇవ్వను."

"మందు అయిపోయిందా?"

"దీనికి నా దగ్గర మందు లేదు. ఆ జిగురు డబ్బా పట్టుకుని చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళండి. లైబ్రరీలో ఉద్యోగమని చెప్పకండి, బైండర్నని చెప్పండి. నేను ఉత్తరం రాసిస్తాను." కలం తీసి మళ్ళీ ఆగాడు. "పట్టడం అన్నాను కదా. అది పట్టడం కాదు, పాడవడం. నేను చెప్పింది తప్పు."

మెట్లు దిగుతుంటే బైండరమ్మకి ఒళ్ళు మండిపోయింది. తప్పని ఇంత తేలిగ్గా అంటాడా? రెండు నెలలు పోయాయి. ఉన్నవే మూడు నెలలు.

చర్మం డాక్టరు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. "బైండింగని మొదటే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. లైబ్రరీలో ఏం పనని ఆయనా అడగలేదు, ఈవిడా చెప్పలేదు. ఆవిడ వీపు మీద చిన్న చిన్న పట్టీలు వరసగా అంటించి రెండు రోజులు నీళ్ళు తగలనివ్వద్దన్నాడు. పట్టీలు తీసినప్పుడు ఒకచోట ఎర్రగా ఉంది. ఇంకో రెండు రోజులకి అక్కడే చిన్న పొక్కులు లేచాయి. ఆ పట్టీలో ఉన్నది, జిగురు పాడవకుండా డబ్బాలో కలిపే రసాయనం. లక్షమంది వాడినా ఏమీ కాదు, కొందరికి మాత్రం పడదు. పడటం మానేశాక ఇక ఎప్పటికీ పడదు అన్నాడు. పూత మందు ఇచ్చి, ఆ జిగురుకి పూర్తిగా దూరంగా ఉంటే ఆరేడు వారాల్లో చర్మం కోలుకుంటుందని చెప్పాడు.

ఆ కాగితం పట్టుకుని ఆఫీసరమ్మ ముందు నిలబడినప్పుడు గడువుకి పది రోజులుంది. ఆఫీసరమ్మ చదివి, ఫైలు తెప్పించి, అందులోంచి ఒక పాత అర్జీ తీసి ఇటు తిప్పింది. 'రోజూ పొద్దున్నే మైదా ఉడికించడానికి గంట పడుతోంది కనుక తయారు జిగురు తెప్పించవలసిందిగా కోరుతున్నాను.' కింద బైండరమ్మ సంతకమే ఉంది. తేదీ చూసుకుంది. దురద మొదలవడానికి మూడు నెలల ముందు.

ఆవిడకి ఈ పని నేర్పిన ముసలాయన, పంతొమ్మిదేళ్ళ కిందట పదవీ విరమణ చేసేవరకు పొద్దున్నే స్టవ్వు ముందు నిలబడి మైదా కలుపుతూనే ఉండేవాడు. "మీ ఇంట్లో వంట కూడా మీరేనా?" అని ఆవిడ ఆటపట్టించేది. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన గుర్తొచ్చాడు.

"మరి ఇక దేంతో అంటిస్తారు?" అంది ఆఫీసరమ్మ.

"మైదాతో."

"అదెక్కడి పాతకాలం పద్ధతి? పుస్తకం నిలబడుతుందా?"

"ఆ పటాల పుస్తకం నూట యాభై ఏళ్ళుగా దాని మీదే నిలబడింది మేడమ్. నేను పాడుచేసిన ఆకొక్కటే కొత్త జిగురుది."

ఆఫీసరమ్మ క్యాలెండరు వైపు చూసింది. ఇంకో రెండు నెలలు ఇచ్చింది.

చన్నీళ్ళలో పిండి ఉండలు కట్టకుండా కలపాలి. సన్నటి మంట మీద తిప్పుతూనే ఉండాలి. తెలుపు పోయి అద్దంలా మెరిసినప్పుడు దించి, చల్లారాక వడకట్టాలి. రెండు రోజులు దాటితే పులుస్తుంది కనుక ఎప్పటికప్పుడు చేసుకోవాల్సిందే. రెండేళ్ళుగా అలవాటు తప్పిన చెయ్యి కదా, మొదటి రోజు అడుగంటింది, రెండో రోజు ఉండలు కట్టింది, వారానికి కుదిరింది. మొదటి నెలంతా బ్రష్షుతో, లోపల నూలు గ్లవ్స్, పైన రబ్బరు గ్లవ్స్ వేసుకుని చేసింది. ఇంటి డబ్బా కూడా తెచ్చి ఆఫీసు చెత్తబుట్టలో పారేసింది. ఏడో వారానికి చూపుడువేలి పగులు పూడింది. ఎనిమిదో వారంలో ఆఫీసరమ్మ పటాల పుస్తకం కిందికి పంపించింది. పైన చీటీ ఉంది: 'దీవి తొలగించగలరేమో చూడండి.' కౌంటర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

"చూశావా? హోమియో అంతే, ఆలస్యంగా పనిచేస్తుంది కానీ వేళ్ళతో సహా పెకలిస్తుంది" అంది వదిన, మరదలి చేతులు తిప్పి తిప్పి చూస్తూ. బైండరమ్మ వాదించలేదు. ఇప్పుడు వదిన ఆఫీసులో ఇంకొకరికి చెప్పడానికి ఇంకొక ఒకామె తయారైంది.

ఒక మధ్యాహ్నం బైండింగ్ గది గుమ్మంలో హోమియో డాక్టరు నిలబడ్డాడు. చంకలో కేసుల పుస్తకం ఉంది. ఈసారి దారాలు కూడా తెగి, కాగితాలు పక్కలకి జారుతున్నాయి.

"ఇది బాగవుతుందా అమ్మా?"

ఆవిడ కూర్చోమనలేదు. రెండు నెలల కోపం ఇంకా ఎక్కడికీ పోలేదు. "వారం పడుతుంది" అని పుస్తకం అందుకుంది. ఆయన ఆవిడ వేళ్ళ వైపు చూశాడు. తర్వాత వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

బాగుచేసే పుస్తకం చదవకూడదని ముసలాయన నియమం. చదివితే పని సాగదు, పైగా ఇది ఎవరెవరివో జబ్బుల పుస్తకం. పాత జిగురు గోకి, కట్టలు విడదీసి, చిరిగిన మడతలు ఏరుతూ ఆవిడ అక్షరాల వైపు చూడకుండానే చాలా దూరం వచ్చింది. మడత దగ్గర సగానికి చిరిగిన ఒక కాగితం మీద మాత్రం 'బైండరు' అన్న మాట కంటపడింది.

తన పేజీ. ఉప్పు ఇష్టం. కలలు రావు. ఓదార్చినవాళ్ళు లేరు. కింద 'స్వభావం' అని గీత గీసి: 'చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి అంటిస్తూ ఉంటాను అంటుంది.' పక్కన ఆ మందు పేరు. ఇదే మాట ఆ గీతకి పైన, 'వాడే వస్తువులు' అన్నచోట రాసి ఉంటే మొదటి రోజే తేలిపోయేది.

దాని కింద ఎర్ర సిరాతో ఇంకో మూడు ముక్కలున్నాయి. తేదీ ఆవిడ మూడోసారి వెళ్ళిన రోజుది.

'మొదటి రోజే చెప్పింది. రాసుకున్నాను. వినలేదు.'

బైండరమ్మ కుర్చీలో కూర్చుంది. ఆ పేజీ ముందే సగం చిరిగి ఉంది. మిగతా సగం లాగేసి తేవడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టేది కాదు. లాగలేదు సరికదా, తెచ్చి ఈవిడ చేతికే ఇచ్చాడు. కోపం కోసం లోపల వెతుక్కుంటే ఎక్కడా చిక్కలేదు. ఆ మాట చెప్పింది తన నోరే. చెప్పింది తనకీ వినపడలేదు. తర్వాత ఆవిడ ఏడ్చింది, ఎందుకో తెలియకుండానే, కాగితం మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకుని.

కాసేపటికి లేచి, పంపు దగ్గర చేతులు కడుక్కుని తుడుచుకుంది. పొద్దున చేసిన మైదా జిగురు గిన్నె దగ్గరికి జరుపుకుంది. ఉల్లిపొరంత పల్చటి కాగితం ముక్క చింపి, చిరుగు మీద, ఆ ఎర్ర అక్షరాల మీదుగా పరిచింది. వట్టి బొటనవేలితో నొక్కుతూ మడత పొడుగునా నిమిరింది. అక్షరాలు పొర కిందనుంచి చక్కగా కనిపిస్తూనే ఉన్నాయి. పైన బరువు పెట్టి, తర్వాతి కాగితం తీసుకుంది.